లోయకు వీపు తిప్పిన మనిషి

మా బాపు ముప్పై నాలుగేళ్ళు బొగ్గు బాయిలో పని చేశాడు. అందులో ఎక్కువ కాలం టింబర్‌మన్‌గా. అంటే భూమి లోపల బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. ఆయన రిటైరైన ఏడాది వానాకాలంలో నాకొక మంచి ఆలోచన వచ్చింది. మంచి ఆలోచనలు నాకు అరుదుగా వస్తాయి, వచ్చినప్పుడల్లా ఏదో ఒక తంటా తెచ్చిపెడతాయి. ఇన్నేళ్ళు తలెత్తితే చేతికందే కప్పు తప్ప ఏమీ చూడని మనిషికి దూరమంటే ఏమిటో చూపించాలనుకున్నాను.

గోదావరిఖని నుంచి మంచిర్యాల, బెల్లంపల్లి దాటి ఉత్తరంగా పోతే అడవిలో ఒక ఘాట్ రోడ్డు వస్తుంది. నేను పాఠాలు చెప్పే బడిలో టీచర్లందరూ వానాకాలం రాగానే అక్కడికి వెళ్ళి ఫోటోలు దిగి వస్తారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి అటే బయల్దేరాం. అమ్మ రానంది. మలుపుల రోడ్డంటే ఆమెకు ఇంట్లో కూర్చుని తలుచుకున్నా కడుపులో తిప్పుతుంది. నా పాత కారులో నేనూ బాపూ మాత్రమే వెళ్ళాం.

ఘాట్ ఎక్కాక, రెండు గుట్టల నడుమ నుంచి రోడ్డు అవతలికి దిగబోయే ముందు ఒక వెడల్పాటి మలుపు ఉంది. ఒకవైపు ఇనుప కటకటాలు, వాటి కింద లోయ. రెండోవైపు గుట్టను తొలిచినప్పుడు మిగిలిన రాతి గోడ. ఆ గోడ పైన ఒక పెద్ద బండ వసారాలాగా రోడ్డు వైపు చొచ్చుకొచ్చి ఉంటుంది. దాని కింద వానా పడదు, ఎండా పడదు. కార్లన్నీ అక్కడే ఆగుతాయి. ఒకామె బండ కింద నిప్పుల పొయ్యి పెట్టుకుని మక్కకంకులు కాలుస్తోంది.

ఆ రోజు మబ్బులు మాకంటే కిందున్నాయి. ఎదురు గుట్ట మీద తెల్లగా నాలుగైదు చోట్ల నీళ్ళు దూకుతున్నాయి. "ఇటు రా బాపూ" అని పిలిచాను. బాపు కటకటాల దాకా వచ్చి ఒకసారి కిందికి చూశాడు. "మంచిగున్నది" అన్నాడు, ఎవరింట్లోనో పప్పు తిని అన్నట్టు. వెంటనే లోయకు వీపు తిప్పి, తలెత్తి ఆ బండ వైపు చూస్తూ నిలబడ్డాడు. అందరి ముఖాలూ అటు, ఆయనొక్కడి ముఖం ఇటు.

"నీ సలాక ఒకసారి ఇయ్యి బిడ్డా" అని కంకులామెను అడిగాడు. నిప్పులు ఎగదోసే ఇనుప సలాక అది. ఆమె ఇచ్చింది. బాపు దాంతో బండ అడుగున మెల్లగా కొట్టాడు. ఒక జానెడు జరిగి మళ్ళీ కొట్టాడు. అట్లా ఆ కొస నుంచి ఈ కొస దాకా వచ్చాడు. ఫోటోలు దిగుతున్నవాళ్ళు ఆగి చూడటం మొదలుపెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇది మోగుతలేదు" అన్నాడు నా దగ్గరికొచ్చి.

"ఏది?"

"బండ. గట్టిదయితే ఖంగుమనాలె. ఇది డబ్బుడబ్బుమంటున్నది. లోపల ఇడిసిపెట్టింది." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు ఈడ కూసోకు. లేసి అటు కూసో."

ఆమె నవ్వింది. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఘాట్ కింది ఊరామె. "మా అత్త గూడ ఈడనే కూసున్నది కాకా. ఎన్ని వానలు రాలే. నీకు కంకి కాల్చి ఇయ్యనా?"

బాపు కంకి తీసుకోలేదు. నేను తీసుకుని, తింటూ, ఆయన మీద కోపంతో ఉప్పూ కారం రుచి కూడా తెలుసుకోకుండా ముగించాను.

ఈ కొట్టి చూడటం గురించి చెప్పాలి. బాయిలో షిఫ్టు మొదలయ్యే ముందు కప్పును కర్రతో కొట్టి చప్పుడు వింటారు. మంచి కప్పు మోగుతుంది. పొర విడిచిన కప్పు బోలుగా పలుకుతుంది. ఆ తేడా వినగలిగినవాడి మాట మీద మిగతావాళ్ళు లోపలికి పోతారు, లేదా వెనక్కి వస్తారు. మా బాపుకు మంచి చెవి ఉందని పేరు. కానీ ఆయనకు ఆ అలవాటు బాయిలో వదిలి రావడం తెలియలేదు. మా క్వార్టర్ స్లాబును చీపురు కర్రతో కొట్టేవాడు. చర్చి వరండాను కొట్టేవాడు. నాకొక సంబంధం వచ్చినప్పుడు వాళ్ళిల్లు చూడబోయి దర్వాజా పైన కూడా కొట్టి చూశాడు. ఆ సంబంధం అందుకే పోయిందని అమ్మ ఇప్పటికీ అంటుంది. పోయినందుకు నాకేమీ బాధ లేదు.

ఇంటికొచ్చాక ఆయన ఆ బండను మరిచిపోతాడనుకున్నాను. మరిచిపోలేదు. సీతాఫలాల కాలం రాగానే, "మల్ల పోదమా ఘాటుకు" అని తనే అడిగాడు. లోయ మీద ఇష్టం పుట్టిందేమోనని నేను పొంగిపోయాను. కారెక్కేటప్పుడు చూస్తే చేతిలో తన పాత కర్ర, కొసకు ఇనుప పొన్ను వేసింది. జేబులో నా బడి నుంచి తెచ్చిన సుద్దముక్క.

ఈసారి లోయంతా ఎండలో కడిగినట్టుంది. టేకు చెట్లు పూతతో తెల్లబడి ఉన్నాయి. బండ కింద ఆమె సీతాఫలాలు గంపల్లో పోసి అమ్ముతోంది. బాపు మళ్ళీ కొట్టాడు, వానల తర్వాత ఇంకా విడిచిందన్నాడు. ఎక్కడెక్కడ బోలుగా పలికిందో అక్కడక్కడ సుద్దతో అడ్డగీతలు గీశాడు. బాయిలో అట్లాంటి గుర్తున్న చోట ఎవరూ నిలబడరట. మేము అక్కడుండగానే ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, అది ఫోటోకు నిలబడాల్సిన చోటనుకుని, సరిగ్గా ఆ గీతల కింద నిలబడి పోజులిచ్చారు. బాపు వాళ్ళను రెక్క పట్టుకుని పక్కకు లాగాడు. వాళ్ళు మంచివాళ్ళు గనక ఊరుకున్నారు. "తాతకు జర మెంటలా అక్కా" అని నన్నే మెల్లగా అడిగారు.

ఆ బండ సంగతి చూడమని దరఖాస్తు రాశాను. రాయడం నాకు చేతనైన పని, పైగా నేను బడి నుంచి రాగానే బాపు రోజూ "రాసినవా" అని అడుగుతుంటే రాయక తప్పలేదు. రోడ్డు చూసుకునే ఆఫీసు వెతుక్కుంటూ మూడుసార్లు వెళ్ళాను. అక్కడి ఇంజనీరు నెమ్మదస్తుడు, నన్ను కూర్చోబెట్టి చాయ్ తాగించాడు. బండకు పగులు కనిపిస్తోందా అని అడిగాడు. లేదన్నాను. మట్టి రాలుతోందా అన్నాడు. లేదన్నాను. మరి కూలుతుందని ఎట్లా తెలిసిందన్నాడు.

"మా బాపు చెవితోని విన్నడు సార్."

ఆయన నవ్వలేదు. నవ్వితే నాకు కోపం తెచ్చుకునే వీలుండేది. "నేను ఫైల్‌లో ఏమని రాయాలె మేడం" అని జాలిగా అడిగాడు. కొన్నాళ్ళకు ఘాట్ మీద మలుపుకు కాస్త కింద 'జాగ్రత్త' అని ఒక బోర్డు పెట్టారు. దేనికి జాగ్రత్తో దాని మీద లేదు.

చలికాలం వచ్చింది. జనవరిలో ఒక రోజు పదో తరగతి పిల్లలకు స్లిప్ టెస్టు పెడుతుంటే ఫోనొచ్చింది. అడవి చెక్‌పోస్టు నుంచి. మీ నాన్న ఇక్కడున్నాడు, వచ్చి మాట్లాడండి అన్నారు. హాఫ్ డే లీవు పెట్టి, ఏమైందో అర్థం కాక దారి పొడవునా ప్రార్థన చేసుకుంటూ పోయాను.

జరిగింది ఇది. బెల్లంపల్లిలో ఉండే తన పాత జోడీలు, అంటే బాయిలో తనతో కలిసి పనిచేసినవాళ్ళు, ఇద్దరిని బాపు మాట్లాడుకున్నాడు. ముగ్గురూ రిటైరైన టింబర్‌మన్లే. ఎవరి చేనుగట్టు మీదో కొట్టిన నీలగిరి దుంగలు ఆరు కొని, ట్రాలీ ఆటోలో వేసుకుని, ఆ బండ కింద నిలబెట్టడానికి బయల్దేరారు. గొడ్డళ్ళు కూడా ఉన్నాయి, దుంగలను కొలతకు చెక్కుకోవాలి కదా. అడవిలోకి గొడ్డళ్ళతో, కట్టెతో పోతే ఎవరైనా ఏమనుకుంటారన్న ధ్యాస ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. బాయిలోకి అవి రెండూ తీసుకుపోవడమే వాళ్ళకు తెలిసిన డ్యూటీ.

చెక్‌పోస్టు ఉద్యోగి తల గోక్కుంటున్నాడు. "మేడం, అడవిలకెళ్ళి కట్టె బయటికి పోవుడు చూసినం. అడవిలకు కట్టె తెచ్చుడు ఇదే మొదటిసారి. నేనేమని రాసుకోవాలె?"

ముసలివాళ్ళు ముగ్గురూ మంకీ క్యాపులతో బల్ల మీద వరుసగా కూర్చుని ఉన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. బతిమాలి, ఏదో కాగితం మీద సంతకం చేసి, దుంగలు అక్కడే వదిలేసి వాళ్ళను బయటికి తీసుకొచ్చాను. రోడ్డు మీద, ఆ ఇద్దరు జోడీల ముందే బాపును కడిగేశాను.

"ఆరు దుంగలకు ఆ బండ ఆగుతదా బాపూ?"

"ఆగది" అన్నాడు. "కని పడేముందు దుంగ పలుకుతది. కిర్రుమంటది. అది ఇని ఆ పిల్ల లేసి ఉరుకొచ్చు."

"ఇది బాయి కాదు. ఈడ నీ మాట ఎవ్వరు వినరు. నన్ను గూడ నలుగుర్ల నవ్వులపాలు చేస్తున్నవ్."

జోడీల్లో ఒకాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. బాపు మంకీ క్యాపు సర్దుకుని కారు వైపు నడిచాడు. కారెక్కి కూర్చున్నాక అన్నాడు. "బాయిల నేను లెవ్వుమంటే ముప్పై మంది లేస్తుండిరి. ఎందుకని ఒక్కడు అడగకపోతుండె. గా పిల్ల ఒక్కతి లేస్తలేదు."

నాకు సిగ్గేసింది. ఆయన్ను అందరి ముందు అంత మాటన్నందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. మా ఇంట్లో అట్లా అడిగే అలవాటు లేదు, అడగలేదు.

అట్లా రెండేళ్ళు, మూడేళ్ళు గడిచాయి. వానాకాలం, సీతాఫలాల కాలం, రేగుపండ్ల కాలం, మళ్ళీ ఎండాకాలం. మోదుగు పూసినప్పుడు ఒకసారి వెళితే లోయంతా ఎర్రగా ఉంది. నేను కటకటాల దగ్గర నిలబడి ఆ ఎరుపును కాస్తంతైనా చూసుకుందామనుకుంటే, వెనకాల టక్ టక్ మని కర్ర చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఏ అందాన్నీ చూడలేం. వెళ్ళకుండా ఉందామంటే బాపు ఒక్కడే బస్సెక్కి పోతాడని భయం. కంకులామె ఈలోగా మాకు చుట్టంలాగా అయిపోయింది. బాపును చూడగానే లేచి సలాక పక్కకు జరిపి, "కొట్టు కాకా, కొట్టు" అనేది. ఆయన కొట్టేవాడు, లెవ్వుమనేవాడు. ఆమె నవ్వి కూర్చునేది.

పోయిన ఎండాకాలానికి బాపు చెవులు బాగా తగ్గాయి. చెయ్యి కూడా వణకడం మొదలైంది. దవాఖానకు తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది ఇప్పుడొచ్చింది కాదు, ఎనిమిది పదేళ్ళ నుంచే మెల్లగా పోతూ ఉండాలి, మనిషికి తెలియదు అన్నాడు. బాపు పక్కనే కూర్చున్నాడు, ఆ మాట ఆయనకు వినపడలేదు. నేను లెక్క వేసుకున్నాను. మొదటిసారి ఘాట్ ఎక్కిన రోజుకే ఆ చెవి సగం పోయి ఉండాలి. బయటికొచ్చాక "ఏమన్నడు" అని బాపు అడిగితే, చెవికి మిషన్ పెట్టుకోవాలన్నాడని మాత్రమే చెప్పాను. మిషన్ పెట్టుకుంటే అన్ని చప్పుళ్ళూ ఒక్కటే తీరుగా ఉన్నాయని రెండో రోజే తీసి డబ్బాలో పెట్టాడు.

మే నెలలో ఘాట్‌కు ఎవరూ రారు. చెట్లకు ఆకు లేదు, లోయ బూడిద రంగులో ఉంది. ఆమె మాత్రం బండ కింద తునికి పండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. మా కారు ఆగగానే ఎదురొచ్చింది. ముఖంలో ఎప్పటి నవ్వు లేదు.

"నిన్న గాలిదుమారం వచ్చింది కాకా. పొయ్యి పక్కపొంటి రెండు రాళ్ళు పడ్డయ్. నువ్వు ఇయ్యాల కొట్టి చూసి లెవ్వుమంటే లేస్త."

నేను ఆ మాటలు బాపు చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోవడం చూశాను. చొక్కా చేతులు మడిచి, కర్ర తీసుకుని, రెండో అరచెయ్యి రాతికి ఆనించి కొట్టాడు. వినపడకపోయినా రాయి అదురు చేతికి తెలుస్తుందట. ఒకచోట కొట్టాడు. మళ్ళీ అక్కడే కొట్టాడు. చాలాసేపు అట్లాగే కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.

"రాయి వణుకుతున్నదో నా చెయ్యి వణుకుతున్నదో ఎరుకైతలేదు" అన్నాడు.

కర్ర నా చేతికిచ్చాడు. "నువ్వు కొట్టు. ఏమంటున్నదో చెప్పు."

కొట్టాను. రాయిని కర్రతో కొడితే ఎట్లాంటి చప్పుడొస్తుందో అట్లాంటి చప్పుడొచ్చింది. ఇంకోచోట కొట్టాను. అదే చప్పుడు. ఆ ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు. ఎండాకాలం గుట్ట మీద నాలుగు రాళ్ళు జారడం మామూలే, ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆమె అడుగుతున్నది బండ గురించి. నాకు తెలియదు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మూడేళ్ళుగా ఆయన ఎదురుచూస్తున్న మనిషి ఆయన ముందు నిలబడి ఉంటే, ఆ మాట ఎట్లా అనను?

"బోలుగున్నది" అన్నాను. "లేసి పో చెల్లె."

ఆమె వెంటనే గంప ఎత్తుకుంది. గంపలు, పొయ్యి, గోనెసంచులు అన్నీ నా కారులోనే వేసుకుని నాలుగు మలుపుల కిందికి దింపాం. రోడ్డు పక్కన కొంచెం చదునుంది. నీడ లేదు. ఆ రోజు ఇంటికొస్తూ బాపు నిద్రపోయాడు. అంత నిశ్చింతగా ఆయన కారులో నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఈ వానాకాలం మళ్ళీ వెళ్ళాం. కింది మలుపు దగ్గర నీలం కవరు కట్టుకుని ఆమె కూర్చుని ఉంది. కవరు మీద నీళ్ళు నిలిచి మధ్యకు వంగిపోయింది. పొయ్యి సరిగా అంటుకోవడం లేదు. కాల్చిన కంకులు నాలుగు చల్లబడి ఉన్నాయి. ఎక్కే బండి ఏదైనా ఆ ఎత్తులో ఆపితే మళ్ళీ కదిలించడం కష్టం, అందుకే ఎవరూ ఆపరు. మేమున్నంతసేపూ ఎవరూ ఆపలేదు.

"పైన వేరేటాయన కూసున్నడు అక్కా" అంది. "తోపుడు బండి పెట్టిండు. నేను లేసిన వారానికే వచ్చిండు." కంకుల మీద ఈగలు తోలుతూ అడిగింది. "ఒకసారి మల్ల కొట్టి చూసి రారాదే. ఈ వానకు సదురుకున్నదేమో."

పైకెళ్ళాం. వ్యూ పాయింట్ దగ్గర కాలు పెట్టే జాగా లేదు. బండ కింద ఆ కొత్తాయన పాటలు పెట్టుకుని కంకులు కాలుస్తున్నాడు, చుట్టూ జనం. బాపు వెళ్ళి లెవ్వుమని చెప్పాడు. ఆయన పాటల చప్పుడులో విన్నాడో లేదో, బాపు చేతిలో ఒక కంకి పెట్టాడు. నేను జనం మధ్య నుంచి కర్ర చాపి బండను రెండుసార్లు కొట్టాను. కిందికొచ్చి, "ఇంకా గట్లనే ఉన్నది" అని ఆమెకు చెప్పాను. ఆమె తలూపింది. నాకు అక్కడ ఇంకొక్క నిమిషం కూడా నిలబడబుద్ధి కాలేదు.

ఘాట్ దిగుతుంటే బాపు అన్నాడు. "ఎండకాలంల నువ్వు కొట్టినప్పుడు, నీకేం తెల్వలేదు గదా."

నేను గేరు మార్చాను.

"నాకెరుకే. బాయిల ఆరేండ్లు కొట్టంగ కొట్టంగ నాకు వచ్చిన చెవి, నీకు రెండు దెబ్బలల్ల ఎట్లొస్తది."

"మరి అప్పుడే అనకపోయినవేంది?" అని గట్టిగా అడిగాను.

"అంటే ఆ పిల్ల మల్ల పోయి కూసుంటుండె."

ముప్పై నాలుగేళ్ళలో ఆయన వినకుండా ఒక్క కప్పు గురించీ మాట చెప్పలేదు. ఎవరైనా చెబితే ఊరుకోలేదు. ఆ రోజు మాత్రం నా కోసమో, ఆమె కోసమో ఊరుకున్నాడు. కారు అద్దం మీద వాన తుడుస్తున్న వైపర్ కర్రల వైపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నా చెవులు ఎప్పటిసంది పోయినయన్నడు డాక్టరు?"

"ఈ ఏడాదే బాపూ" అన్నాను.

ఆయనకు వినపడలేదు. "ఆఁ?" అంటూ చెవి నా దగ్గరికి తెచ్చాడు. నేను ఆ మాటనే ఇంకోసారి, ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది.